ఫుల్‌స్క్రీన్ పెట్టగానే వచ్చే తంటాలు: లక్షణం, కారణం, పరిష్కారం

ప్రోగ్రామ్ మామూలు విండోలో చక్కగా నడుస్తుంది. ఫుల్‌స్క్రీన్ చేయగానే ఒకచోట టాస్క్‌బార్ పైకి తేలుతుంది, ఇంకోచోట క్లిక్ పక్కకు పడుతుంది, మరోచోట స్క్రీన్ నల్లబడి అలాగే ఉండిపోతుంది. వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే. స్క్రీన్ మన ప్రోగ్రామ్ సొత్తు కాదు. దాన్ని అందరికీ పంచే పని విండోస్‌లో డీడబ్ల్యూఎం చేస్తుంది, లినక్స్ డెస్క్‌టాప్‌లైన గ్నోమ్‌లో మటర్, కేడీఈలో కేవిన్ చేస్తాయి. ఫుల్‌స్క్రీన్ కావాలని మనం అడగాలి, అవి ఇవ్వాలి. ఇచ్చే సైజు మనం అడిగినదే అయి ఉండాలని లేదు, అడిగిన క్షణంలోనే రావాలనీ లేదు. అడగ్గానే వచ్చేసిందనుకుని తర్వాతి లైన్ రాసుకుంటూ పోయిన కోడ్‌లోనే ఎక్కువ బగ్గులు పుడతాయి.

డీబగ్గింగ్ మొదలుపెట్టే ముందు మీది ఏ రకం ఫుల్‌స్క్రీనో తేల్చుకోండి. ఎక్స్‌క్లూజివ్ రకంలో ప్రోగ్రామ్ డిస్‌ప్లేని పూర్తిగా తన చేతిలోకి తీసుకుంటుంది, రెజల్యూషన్ కూడా మార్చగలదు. బోర్డర్‌లెస్ రకంలో అంచులు లేని విండోని మానిటర్ మొత్తం పరుస్తాం, రెజల్యూషన్ జోలికి వెళ్లం. కొత్తగా రాసే ప్రోగ్రామ్‌కి బోర్డర్‌లెస్ పెట్టుకోండి. ఎక్స్‌క్లూజివ్ కావాలంటే అందుకు గట్టి కారణం ఉండాలి.

ఆల్ట్ ట్యాబ్ కొట్టి తిరిగొస్తే స్క్రీన్ నల్లగా ఉంది, బొమ్మలు మాయమయ్యాయి

ఇది ఎక్స్‌క్లూజివ్ మోడ్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. విండోస్ గ్రాఫిక్స్ లైబ్రరీ డైరెక్ట్‌3డీ 9లో ఫోకస్ పోగానే డివైస్ (గ్రాఫిక్స్ కార్డుతో ప్రోగ్రామ్‌కి ఉన్న లంకె) కూడా పోతుంది. డిఫాల్ట్ పూల్‌లో (సాధారణంగా వీడియో మెమరీలో) పెట్టుకున్న టెక్స్‌చర్లు, బఫర్లు అన్నీ చెల్లకుండా పోతాయి. వాటన్నిటినీ మనమే విడుదల చేసి, డివైస్‌ని రీసెట్ చేసి, మళ్లీ సృష్టించుకోవాలి. ఒక్కటి విడుదల చేయడం మరిచినా రీసెట్ ఫెయిల్ అవుతుంది, నల్ల స్క్రీనే మిగులుతుంది.

పాత కోడ్‌ని మోయాల్సి వస్తే ఆ డిఫాల్ట్ పూల్ వస్తువులన్నీ ఒకే లిస్టులో ఉంచి, రీసెట్‌కి ముందు ఆ లిస్టు ఖాళీ అయిందో లేదో చూసుకోండి. కొత్త కోడ్ అయితే డీఎక్స్‌జీఐ (గీసిన ఫ్రేములను స్క్రీన్‌కి చేర్చే విండోస్ లైబ్రరీ) ఫ్లిప్ మోడల్‌తో బోర్డర్‌లెస్ విండో వాడండి. అది విండోస్ 8 నుంచీ ఉంది. ఎక్స్‌క్లూజివ్‌తో వచ్చే వేగం చాలావరకు దీనితోనే వస్తుంది, ఆల్ట్ ట్యాబ్ కూడా హాయిగా పనిచేస్తుంది.

దీనికి చుట్టాలు రెండున్నాయి. ఆల్ట్ ఎంటర్‌కి మీరు కోడ్ రాసుకున్నారు, అయినా నొక్కితే ఫుల్‌స్క్రీన్ అయి వెంటనే వెనక్కి వస్తోంది అంటే, డీఎక్స్‌జీఐ కూడా అదే కీని తనంతట తాను పట్టుకుంటోందన్నమాట. మేక్ విండో అసోసియేషన్ అనే కాల్‌తో దాన్ని ఆపాలి. స్వాప్‌చైన్‌ని (స్క్రీన్‌కి వెళ్లే ఫ్రేముల బఫర్లను) సృష్టించిన ఫ్యాక్టరీ ఆబ్జెక్ట్ మీదే ఈ కాల్ చేయాలి, వేరే ఫ్యాక్టరీ మీద చేస్తే చేసినట్టే ఉంటుంది కానీ పనిచేయదు. రెండోది, పక్క మానిటర్‌లో క్లిక్ చేయగానే ఆట మినిమైజ్ కావడం. ఆటలు రాయడానికి వాడే ఎస్‌డీఎల్2 లైబ్రరీలో ఫోకస్ పోతే మినిమైజ్ చేయాలా వద్దా అని చెప్పే హింట్ (సెట్టింగ్) ఒకటి ఉంది, దాన్ని సున్నా చేస్తే సరి.

బొమ్మ మసకగా ఉంది, నొక్కిన బటన్ ఒకటైతే పలికేది ఇంకొకటి

ల్యాప్‌టాప్‌ల మీద ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. మీ డెస్క్‌టాప్ మానిటర్ మీద మాత్రం కనిపించదు. కారణం డిస్‌ప్లే స్కేలింగ్. 1920×1080 ప్యానెల్‌కి విండోస్ 125 శాతం స్కేల్ పెట్టి ఉందనుకుందాం. డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క) గురించి తనకు తెలుసని ప్రోగ్రామ్ ప్రకటించకపోతే విండోస్ దానికి స్క్రీన్ సైజు 1536×864 అని చెబుతుంది. ప్రోగ్రామ్ ఆ సైజులోనే గీస్తుంది. విండోస్ దాన్ని 1.25 రెట్లు సాగదీసి చూపిస్తుంది, అందుకే మసక. లైబ్రరీ ఒకటి అసలు పిక్సెళ్లలో, మీ కోడ్ స్కేల్ చేసిన యూనిట్లలో లెక్కపెడుతుంటే క్లిక్ కూడా తప్పుతుంది.

తప్పు ఎక్కడుందో కోడ్ తెరవకుండానే కొంత కనిపెట్టవచ్చు. స్క్రీన్ నాలుగు మూలల్లో, మధ్యలో చిన్న గుర్తులు గీసి వాటి మీద క్లిక్ చేయండి. ఎడమ పై మూలలో సరిగ్గా పడి, కుడి కింది మూలకు వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంటే అది స్కేలింగ్ తప్పు. అన్నిచోట్లా ఒకే తేడా ఉంటే అది స్కేలింగ్ కాదు, టైటిల్ బార్ ఎత్తో, పక్కన వదిలిన నల్ల పట్టీ వెడల్పో తీసేయడం మరిచారు. ఈ ఒక్క పరీక్షతో సగం పని అయిపోతుంది.

విండోస్‌లో పరిష్కారం అప్లికేషన్ మానిఫెస్ట్‌లో పర్ మానిటర్ వీ2 అని రాయడం. విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి ఇది పనిచేస్తుంది. ఎస్‌డీఎల్‌లో, మ్యాక్ రెటీనాలో, బ్రౌజర్ కాన్వాస్‌లో విండో సైజు వేరు, పిక్సెల్ సైజు వేరు. గీయడానికి పిక్సెల్ సైజు అడగండి. మౌస్ విలువలు మాత్రం చాలాచోట్ల విండో యూనిట్లలోనే వస్తాయి కాబట్టి ఆ నిష్పత్తితో మార్చుకోండి.

టాస్క్‌బార్ పోవడం లేదు

మానిటర్ గురించి విండోస్ రెండు కొలతలు ఇస్తుంది: మొత్తం మానిటర్, టాస్క్‌బార్ పోగా మిగిలిన వర్క్ ఏరియా. రెండోది తీసుకున్నా, మాగ్జిమైజ్ చేసి ఊరుకున్నా టాస్క్‌బార్ అక్కడే ఉంటుంది. ముందు పాత విండో స్థానాన్ని దాచుకోండి, తర్వాత అంచుల స్టైల్ తీసేయండి, ఆపైన మొత్తం మానిటర్ కొలతతో విండో స్థానం మార్చండి. ఫ్రేమ్ మారిందని చెప్పే ఫ్లాగ్ కూడా ఆ కాల్‌లోనే ఇవ్వాలి. విండో మానిటర్‌ని పూర్తిగా కప్పితే టాస్క్‌బార్ తనంతట తాను తప్పుకుంటుంది. ఎప్పుడూ అన్నిటికన్నా పైన ఉండే టాప్‌మోస్ట్ స్టైల్ పెట్టి దాన్ని బలవంతంగా కప్పేయకండి. రేపు ఎర్రర్ డైలాగ్ వస్తే అది మీ విండో వెనకాల పడి ఎవరికీ కనబడదు.

లినక్స్‌లోని పాత విండో వ్యవస్థ ఎక్స్11లో ఇలాంటి అడ్డదారి ఓవర్‌రైడ్ రీడైరెక్ట్. పైథాన్ టీకింటర్‌లో ఇది ఒక్క లైన్ పని, అంచులు వెంటనే పోతాయి కూడా. కానీ ఆ విండోని విండో మేనేజర్ పట్టించుకోవడం మానేస్తుంది, కీబోర్డ్ ఫోకస్ రాదు. స్క్రీన్ నిండా విండో ఉంటుంది, ఎస్కేప్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. టీకింటర్‌లో దానికి బదులు ఫుల్‌స్క్రీన్ అనే ఆట్రిబ్యూట్ వాడండి. నేరుగా ఎక్స్11 మీద రాసేవాళ్లు ఒకటి గమనించాలి. విండో ఇంకా మ్యాప్ కాకముందు (తెర మీదికి రాకముందు) ఫుల్‌స్క్రీన్ స్టేట్‌ని ప్రాపర్టీగా రాయాలి. మ్యాప్ అయ్యాక రూట్ విండోకి క్లయింట్ మెసేజ్ పంపాలి. ఈ రెండూ తారుమారైతే కొన్ని డెస్క్‌టాప్‌లలో పనిచేసి కొన్నిట్లో పనిచేయదు.

జావా స్వింగ్‌లో అంచులు తీసేయాలంటే ఫ్రేమ్ కనిపించకముందే తీయాలి, ఆలస్యమైతే ఎక్సెప్షన్ వస్తుంది.

ప్రొజెక్టర్‌లో రావాల్సింది ల్యాప్‌టాప్‌లోనే తెరుచుకుంటోంది

ఎక్స్11లో ముందు విండోని రెండో మానిటర్‌కి జరిపి, ఆ వెంటనే ఫుల్‌స్క్రీన్ అడుగుతారు. జరపడం పూర్తికాకముందే రెండో విన్నపం వెళ్లిపోతుంది, విండో పాత మానిటర్‌లోనే విచ్చుకుంటుంది. మధ్యలో అర సెకను ఆగితే మీ మెషీన్ మీద సరిపోతుంది కానీ అది మందు కాదు. జరిగినట్టు ఈవెంట్ వచ్చేదాకా ఆగండి. ఎస్‌డీఎల్3లో ఇందుకోసమే సింక్ విండో అనే ఫంక్షన్ ఉంది.

ఎక్స్11 స్థానంలోకి వచ్చిన వేలాండ్‌లో మామూలు విండో తన స్థానాన్ని తాను నిర్ణయించుకోలేదు, ఎక్కడుందో తెలుసుకోనూ లేదు. కాబట్టి జరపడం మాట మరిచిపోయి, ఫుల్‌స్క్రీన్ అడిగేటప్పుడే ఏ అవుట్‌పుట్ కావాలో చెప్పండి. కంపోజిటర్ (స్క్రీన్ పంచే మటర్, కేవిన్ లాంటిది) కాన్ఫిగర్ ఈవెంట్‌లో సైజు పంపుతుంది. ఆ సైజుకే గీయాలి.

ఆట క్రాష్ అయ్యాక డెస్క్‌టాప్ అంతా పెద్ద పెద్దగా ఉండిపోయింది

ప్రోగ్రామ్ రెజల్యూషన్ మార్చింది, వెనక్కి పెట్టకుండానే చచ్చిపోయింది. ఎక్స్11 మీద ఇది మామూలే. అప్పటికి గండం గడవాలంటే టెర్మినల్‌లో ఎక్స్‌రాండ్‌ఆర్ కమాండ్‌ని మీ డిస్‌ప్లే అవుట్‌పుట్ పేరు ఇచ్చి ఆటో ఆప్షన్‌తో నడపండి. అసలు మందు మాత్రం రెజల్యూషన్ ముట్టుకోకపోవడమే.

చిన్న సైజులో గీసి పెద్దగా చూపించాలంటే లోపల ఒక టెక్స్‌చర్ మీద గీసి సాగదీయండి. 320×180లో గీసే పిక్సెల్ ఆర్ట్ ఆట 1920×1080 మీద సరిగ్గా 6 రెట్లకు సరిపోతుంది. చాలామంది దగ్గర ఇంకా ఉన్న 1366×768 ల్యాప్‌టాప్ మీద 4 రెట్లు, అంటే 1280×720 వస్తుంది. అటూ ఇటూ 43 పిక్సెళ్లు, పైనా కిందా 24 పిక్సెళ్లు నల్లగా వదలాలి. మౌస్ విలువ తీసుకునేటప్పుడు ముందు 43, 24 తీసేసి, తర్వాత 4తో భాగించాలి. పైన చెప్పిన 'అన్నిచోట్లా ఒకే తేడా' ఇక్కడే పుడుతుంది. పైగేమ్ 2లో స్కేల్డ్ ఫ్లాగ్ ఈ లెక్కంతా తనే చూసుకుంటుంది.

బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగింది, ఇక మెషీన్ మొత్తం బిగుసుకుపోయింది

నిజానికి మెషీన్ బానే ఉంది. మీ ప్రోగ్రామ్ మౌస్‌ని పట్టుకుని ఉండగా డీబగ్గర్ దాన్ని ఆపేసింది. ఆగిపోయిన ప్రోగ్రామ్ పట్టు వదలదు, డీబగ్గర్ విండోకి మీ క్లిక్ చేరదు. లినక్స్‌లో కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3తో వేరే కన్సోల్‌కి వెళ్లి లాగిన్ అయి ఆ ప్రాసెస్‌ని చంపండి, పట్టు దానంతట అదే వదులుతుంది. విండోస్‌లో కంట్రోల్ ఆల్ట్ డిలీట్ ఎప్పుడూ పనిచేస్తుంది. టాస్క్ మేనేజర్ మీ విండో వెనకాల తెరుచుకుంటుంటే దానికి ఆల్వేస్ ఆన్ టాప్ ముందే పెట్టి ఉంచుకోండి.

పవర్ బటన్ నొక్కి ఆపే అలవాటు మంచిది కాదు, సేవ్ చేయని పని పోతుంది. డీబగ్ బిల్డ్‌లో విండో మోడ్‌నే డిఫాల్ట్ చేయండి, మౌస్ పట్టుకోవడం ఆపేయండి. ఫుల్‌స్క్రీన్‌లోనే వచ్చే బగ్ అయితే ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో వచ్చి డీబగ్గర్ నడపండి.

ఫుల్‌స్క్రీన్‌లో తెలుగు టైప్ కావడం లేదు

దీన్ని చాలామంది డెవలపర్లు పరీక్షించరు, ఎందుకంటే వాళ్లు టైప్ చేసేది ఇంగ్లిష్. మనం పరీక్షించాలి. 2019లో విండోస్ 10తో వచ్చిన తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ లాంటివి ఇంగ్లిష్ అక్షరాలు తీసుకుని, చిన్న లిస్టులో తెలుగు మాటలు చూపిస్తాయి. ఆ లిస్టు కూడా ఒక విండోనే. ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో మన విండో మీద దానికి చోటు దొరక్కపోవచ్చు. ఎస్‌డీఎల్2 అయితే దాన్ని డిఫాల్ట్‌గా దాచేస్తుంది. ఇలాంటి టైపింగ్ సాధనాన్ని ఐఎంఈ అంటారు. ఐఎంఈ షో యూఐ అనే హింట్‌ని విండో సృష్టించకముందే 1 చేయండి. టెక్స్ట్ ఇన్‌పుట్ రెక్టాంగిల్ కూడా ఇస్తే లిస్టు సరిగ్గా పేరు రాసే పెట్టె పక్కనే తెరుచుకుంటుంది. మీరు 4 రెట్లు సాగదీసి చూపిస్తున్నట్టయితే ఆ పెట్టె స్థానాన్ని విండో యూనిట్లలోకి మార్చి ఇవ్వడం మరవకండి.

లిస్టు కనిపించినా పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలే పడుతుంటే తప్పు విండోది కాదు. కోడ్ కీ నొక్కిన ఈవెంట్‌ని చదువుతోంది. చదవాల్సింది టెక్స్ట్ ఇన్‌పుట్ ఈవెంట్‌ని.

బ్రౌజర్‌లో ఫుల్‌స్క్రీన్ అయ్యాక పాపప్ కనిపించడం లేదు

సెట్టింగ్స్ బటన్ నొక్కితే పాపప్ రాదు, ఎస్కేప్ కొట్టి బయటికి రాగానే అది అక్కడే తెరుచుకుని ఉంటుంది. బ్రౌజర్ ఫుల్‌స్క్రీన్ చేసిన ఎలిమెంట్‌ని, దాని లోపలున్నవాటిని మాత్రమే చూపిస్తుంది. మీ లైబ్రరీ పాపప్‌ని బాడీ చివర అతికించింది కాబట్టి అది కింద ఉండిపోయింది. ఆ ఎలిమెంట్‌కి బదులు పేజీ మొత్తాన్ని ఫుల్‌స్క్రీన్ చేయండి. లేదంటే పాపప్‌ని డైలాగ్ ఎలిమెంట్‌గా రాసి షో మోడల్‌తో తెరవండి, అది అన్నిటికన్నా పై పొరలో వస్తుంది.

పేజీ తెరవగానే ఫుల్‌స్క్రీన్ అడిగితే బ్రౌజర్ ఒప్పుకోదు, యూజర్ క్లిక్‌లోనే అడగాలి. ఆ క్లిక్ తర్వాత సర్వర్ జవాబు కోసం ఎదురుచూసి అడిగినా సమయం మించిపోయి కాదంటుంది. ఐఫ్రేమ్‌లో ఉంటే బయటి పేజీ అనుమతి కూడా ఉండాలి. ఐఫోన్‌లో వీడియోకి తప్ప మిగతా ఎలిమెంట్లకు ఈ సదుపాయం చాలాకాలం లేదు కాబట్టి, ఫుల్‌స్క్రీన్ ఉందో లేదో చూసుకుని, లేకపోతే బటన్‌నే చూపించకండి.

డిస్‌ప్లే బోర్డు కాసేపటికి నల్లబడుతోంది

టోకెన్ నంబర్లు, బస్సుల వేళలు చూపించే స్క్రీన్ దగ్గర ఎవరూ మౌస్ కదపరు. సిస్టమ్ ఎవరూ లేరనుకుని డిస్‌ప్లే ఆపేస్తుంది. విండోస్ ప్రోగ్రామ్ అయితే సెట్ థ్రెడ్ ఎగ్జిక్యూషన్ స్టేట్ ఫంక్షన్‌తో డిస్‌ప్లే కావాలని చెప్పండి, కంటిన్యువస్ ఫ్లాగ్ కూడా కలపండి. వెబ్ పేజీ అయితే వేక్ లాక్ (స్క్రీన్ ఆరిపోకుండా ఆపే అనుమతి) అడగండి, దానికి పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి. ట్యాబ్ ఒక్కసారి మరుగైతే ఆ లాక్ పోతుంది, ట్యాబ్ మళ్లీ కనబడ్డా దానంతట అది తిరిగి రాదు. విజిబిలిటీ చేంజ్ ఈవెంట్‌లో మళ్లీ అడిగే కోడ్ తప్పకుండా రాయండి. ఇన్‌స్టాల్ చేసిన రోజు బాగా నడిచి, మర్నాడు ఎవరో ట్యాబ్ మార్చాక ఆగిపోయిందంటే ముందు చూడాల్సింది ఇదే.