గడ్డ రక్తనాళాన్ని పిలిచే తీరు బోర్డు మీద ఎలా చెప్పాలి

మా అనంతపురం ఇంటర్ పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను చీనీ తోట దగ్గర మొదలుపెడతాను. బోర్డు మీద చిన్న చుక్క పెట్టండి. అది క్యాన్సర్ గడ్డ. ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటితే నడిమి కణాలకు ఆక్సిజన్ అందదు, డ్రిప్పు పైపు చేరని చెట్టు మాదిరి.

ఇక్కడ తొందరపడొద్దు. ఆక్సిజన్ ఉన్నంతసేపూ కణం హిఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్‌ను చేసిన వెంటనే విరగ్గొట్టేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే అది నిలిచిపోయి, కేంద్రకంలోకి పోయి, రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ జన్యువును మేల్కొలుపుతుంది. వీఈజీఎఫ్ బయటికొచ్చి పక్క రక్తనాళం గోడ కణాల గ్రాహకాలకు అతుక్కుంటుంది. అప్పుడు ఆ నాళం నుంచి గడ్డ వైపు ఒక కొమ్మ గీయండి. వంకరగా, సందులతోనే గీయండి. ఆ నాళాలు నిజంగానే కారుతుంటాయి, నున్నగా గీస్తే పిల్లలకు తప్పు నేర్పినట్టే.

ఈ దారి మూస్తే గడ్డను ఆపొచ్చని 1971లో అమెరికా సర్జన్ జూడా ఫోక్‌మన్ రాశాడు. వీఈజీఎఫ్‌ను పట్టుకునే బెవాసిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఆ మందు ఎక్కించుకుంటూ మా పెద్దమ్మ, "బీపీ ఎందుకు చూస్తాండారు రా?" అని అడిగింది. ఇదే బొమ్మ కాగితం మీద గీసి చూపించినాను: మంచి నాళాలను సడలించి ఉంచేదీ వీఈజీఎఫే పెద్దమ్మా, దాన్ని ఆపితే బీపీ పెరగొచ్చు.