ఆన్ అవుతూనే ఆగిపోయే డెస్క్‌టాప్: ముందు సెకన్లు లెక్కపెట్టండి

బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరుగుతాయి, లైటు వెలుగుతుంది, విండోస్ వచ్చేలోపే టప్పున ఆగిపోతుంది. టెన్షన్‌లో చాలామంది ముందు ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) మార్చేస్తారు, లేదంటే విండోస్ మళ్లీ ఎక్కిస్తారు. కాస్త ఆగండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఎన్ని సెకన్లకు ఆగుతోందో రెండు మూడు సార్లు చూడండి. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

మానిటర్ లైటు కూడా ఆరిపోతోందా? అయితే ముందు యూపీఎస్‌నో ఎక్స్‌టెన్షన్ బాక్స్‌నో అనుమానించండి. యూపీఎస్ తీసేసి గోడ ప్లగ్గుకే పెట్టి చూడండి.

ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతే

ఎక్కడో షార్ట్ ఉంది, లేదా ఏదో సరిగా కూర్చోలేదు. ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, క్యాబినెట్ తెరవండి. ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నుల కేబుల్ గట్టిగా నొక్కండి. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టండి. తర్వాత గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు ఒక్కొక్కటిగా తీసి చూడండి. మదర్‌బోర్డు కింద జారిపడ్డ స్క్రూ కూడా ఈ పని చేయగలదు.

ప్రతిసారీ కచ్చితంగా నాలుగైదు సెకన్లకే ఆగితే

బటన్ ఇరుక్కుంది. పవర్ బటన్‌ను నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే కంప్యూటర్ ఆగిపోవాలన్నది దాని నియమం. లోపల ఇరుక్కున్న బటన్ చేసేదీ అదే. మా ఇంట్లో ఇలాగే అయితే రిపేరు షాపులో కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ అంటగట్టారు, జబ్బు మాత్రం అలాగే ఉంది. చివరికి మదర్‌బోర్డు మీద పవర్ స్విచ్ వైరు పీకి, ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ కొనతో క్షణం తాకిస్తే ఇంక ఆగనేలేదు. అప్పటి నుంచి రీసెట్ బటన్ వైరునే ఆ పిన్నులకు తగిలించి వాడుతున్నాం.

పది సెకన్ల నుంచి నిమిషంలోపు ఆగితే

వేడి. గంట ఆగి ఆన్ చేస్తే కాసేపు నిలబడి, వెంటనే మళ్లీ ఆన్ చేస్తే ఇంకా తొందరగా పడిపోతోందంటే దాదాపు ఖాయమే. బయోస్‌లోకి (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్లి ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి. ఏ పనీ లేకుండానే 80, 90 డిగ్రీలకు ఎగబాకుతోందంటే ప్రాసెసర్ మీద కూర్చునే ఫ్యాను, అంటే కూలర్, పట్టు వదిలేసింది. ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. దుమ్ము దులిపేటప్పుడు వాటిలో ఒకటి పైకి లేచినా చాలు. కూలర్ తీసి, దాని కింద ఎండిపోయిన థర్మల్ పేస్టును (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే పూత) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠానీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. ఎదురెదురు మూలల కాళ్లను టక్‌మనేదాకా నొక్కండి. ఫ్యాన్ వైరు తిరిగి పెట్టడం మరచిపోయేవాళ్లూ ఉన్నారు!

బయోస్‌లో అరగంట ఉండి, విండోస్ లోగో దగ్గర పడిపోతే

ఆగిపోవడం వేరు, రీస్టార్ట్ అవడం వేరు. రీస్టార్ట్ అవుతుంటే విండోస్, డ్రైవర్ల సంగతి కూడా చూడాలి. పూర్తిగా ఆగిపోతుంటే మాత్రం లోడు పడగానే ఎస్‌ఎమ్‌పీఎస్ చేతులెత్తేస్తోందేమో. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తన లోపాలు రాసిపెట్టుకునే చిట్టా) కనిపించే కర్నెల్ పవర్ 41 అనే ఎర్రర్‌ని చూసి కంగారుపడొద్దు, సరిగా షట్‌డౌన్ కాలేదని చెబుతుందే తప్ప కారణం చెప్పదు. బయోస్‌లో 12 వోల్టుల లైను 11.4 కంటే తక్కువ చూపిస్తే అనుమానం బలపడుతుంది. తెలిసినవాళ్ల దగ్గర మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ ఒక్కరోజు అడిగి తెచ్చి పెట్టి చూసి, అప్పుడు కొనండి. పాతదాన్ని మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లు షాక్ కొట్టగలవు.