ఒకరి మీద రెండు స్పెల్స్ (మంత్రాలు) పడితే లెక్క ఎలా కట్టాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ ఆడే కథల ఆట) ఆడేచోట ఆట ఆగిపోయేది డ్రాగన్ వల్ల కాదు, ఈ లెక్క వల్ల. "నా మీద బ్లెస్ రెండుసార్లు పడింది, రెండు డీ4లు వేస్తా" అంటాడొకడు (బ్లెస్ ఒక దీవెన స్పెల్, డీ4 అంటే నాలుగు ముఖాల పాచిక). "కుదరదు, రెండోది దండగ" అంటాడు ఇంకొకడు. ఇద్దరిదీ తప్పే. ఇక్కడ చెప్తున్నది ఐదో ఎడిషన్ పద్ధతి. 2014 పుస్తకం వాడినా 2024ది వాడినా అసలు సూత్రం మారలేదు.

కావలసినవి: కాగితం, పెన్సిల్. పెన్ను వద్దు. యాప్ అసలే వద్దు, మొత్తం ఎంతో చూపిస్తుంది గానీ అది ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగితే నోరు మెదపదు.

మొదట, పాత్ర మీదున్న ప్రతి స్పెల్‌నీ ఒక్కో వరుసలో రాయండి: పేరు, వేసింది ఎవరు, ఎంత ఇస్తుంది, ఎప్పటిదాకా ఉంటుంది. తర్వాత, పేర్లు వేరైనవన్నీ కలిపేయండి. బ్లెస్ ఇచ్చే డీ4, పాలడిన్ (పుణ్యయోధుడి పాత్ర) చుట్టూ ఉండే ఆరా, క్లోక్ ఆఫ్ ప్రొటెక్షన్ అనే మాయా వస్త్రం ఇచ్చే +1, మూడూ ఒకే సేవింగ్ త్రోకి (ఆపద తప్పించుకోవడానికి వేసే పాచికకి) కలుస్తాయి. ఇందులో ఆలోచించడానికేం లేదు.

ఇక పేర్లు ఒకటే అయితే? నెమ్మదిగా చదవండి, అందరూ బోల్తా పడేది ఇక్కడే. వేసినవాళ్లు వేరైనా, స్పెల్ లెవెల్ వేరైనా, పేరు ఒకటైతే కలవవు. రెండింట్లో బలమైనదే పనిచేస్తుంది. బలం సమానమైతే చివర వేసినది.

అలాగని రెండోది పోయినట్టు కాదు. ఉదయం ఆరింటికి మూడో లెవెల్ ఎయిడ్ వేశారు, 10 హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణం లెక్క). పదింటికి ఇంకో క్లెరిక్ (పూజారి పాత్ర) రెండో లెవెల్‌లో వేశాడు, 5. మొత్తం 15 కాదు, 10. ఎయిడ్ ఎనిమిది గంటలుంటుంది కాబట్టి మధ్యాహ్నం రెండింటికి పెద్దది అయిపోతుంది. అప్పుడు చిన్నది మేలుకుని సాయంత్రం ఆరుదాకా ఆ 5 ఇస్తుంది. అందుకే బలహీనమైన వరుసను కొట్టేయకండి, చుట్టూ గీత గీసి ఉంచండి. బ్లెస్ కూడా అంతే. ఇద్దరు క్లెరిక్‌లు వేస్తే డీ4 ఒక్కటే, కానీ ఒకడికి బాణం తగిలి కాన్సంట్రేషన్ (స్పెల్‌ని నిలబెట్టే ఏకాగ్రత) పోయినా రెండోవాడి బ్లెస్ నిలబడే ఉంటుంది. దాన్ని దండగ అన్నవాడికి ఆ రౌండ్‌లో తెలిసొస్తుంది.

ఇద్దరు పాలడిన్‌లు పక్కపక్కన నిలబడినా ఇదే కథ, పనిచేసేది ఒక ఆరానే.

పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట ఉంది, దాని రెండో ఎడిషన్‌వాళ్లు స్టేటస్, సర్కమ్‌స్టాన్స్, ఐటమ్ అని బోనస్‌ను మూడు రకాలు చేసి, ఒక్కో రకంలో పెద్దదాన్నే తీసుకుంటారు. పద్ధతిగానే ఉంటుంది, కాదనను. కానీ ప్రతి బోనస్ ఏ రకమో వెతుక్కోవాలి. పేరు చూసి తేల్చడమే సుఖం.

ఆర్మర్ క్లాస్ (పాత్రకి దెబ్బ తగలాలంటే ఎదుటివాడి పాచిక అందుకోవాల్సిన సంఖ్య) దగ్గర ఒక మెలిక. మేజ్ ఆర్మర్ అనే స్పెల్ బోనస్ కాదు, లెక్క మొదలయ్యే చోటు: 13 ప్లస్ డెక్స్టెరిటీ (చురుకుదనం). మాంక్ (సన్యాసి యోధుడి పాత్ర)కి తన సొంత లెక్క ఉంది: 10, డెక్స్టెరిటీ, విజ్డమ్ (వివేకం) కలిపి. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఎంచుకున్నాక దాని మీద షీల్డ్ ఆఫ్ ఫెయిత్ స్పెల్ +2, షీల్డ్ స్పెల్ +5 కలపండి. డెక్స్టెరిటీ +3 ఉన్న విజర్డ్‌కి (మంత్రగాడికి) మేజ్ ఆర్మర్‌తో 16, షీల్డ్ ఆఫ్ ఫెయిత్ కలిపితే 18, షీల్డ్ కూడా కలిపితే 23.

మిగతావి చకచకా. అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే వీలు) ఎన్ని వచ్చినా డీ20లు (ఇరవై ముఖాల పాచికలు) రెండే. ఒక్క డిసడ్వాంటేజ్ (రెండింట్లో చిన్నది తీసుకోవాల్సి రావడం) చాలు, ఎన్ని అడ్వాంటేజ్‌లున్నా మామూలు రోల్‌కి దించేస్తుంది. టెంపరరీ (తాత్కాలిక) హిట్ పాయింట్లు ఒకదానికొకటి కలవవు, పాతవో కొత్తవో ఒకటి ఉంచుకోండి. నిప్పుకి రెసిస్టెన్స్ (దెబ్బను సగం చేసే తట్టుకునే శక్తి) రెండు చోట్ల నుంచి ఉన్నా సగమయ్యేది ఒక్కసారే: 28 డ్యామేజీ 14 అవుతుంది, 7 కాదు. వేరే ఏదైనా 5 తగ్గిస్తుంటే ముందు ఆ 5 తీసి, 23ని సగం చేసి, కిందికి సర్ది 11 రాసుకోండి.