మోకాళ్ళ నొప్పులతో మిద్దె తోట పని చేసుకోవడం ఎలా

మోకాళ్ళ నొప్పి మొదలవగానే ఇంట్లోవాళ్ళు అనే మొదటి మాట "ఇంక ఆ చెట్లు వదిలెయ్" అని. మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళకు ఇది పనికొచ్చే సలహా కాదు. కదలిక తగ్గితే తొడ కండరం నీరసిస్తుంది, దాంతో కీలు మీద భారం పెరుగుతుంది. తోటపనిలో మోకాలిని దెబ్బతీసేవి ముఖ్యంగా మూడు: గొంతుక్కూర్చోవడం, నీళ్ళ బకెట్లు మోయడం, మెట్లు. తిరుపతిలో చాలా ఇళ్ళకు పెరడు ఉండదు, తోటంతా మిద్దె మీదే. కాబట్టి మెట్లు తప్పవు, మిగతా రెండూ తప్పించుకోవచ్చు.

గొంతుక్కూర్చుంటే మోకాలిచిప్ప తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది. మనం వంగే బదులు మట్టినే పైకి తేవాలి. 8 అంగుళాల సిమెంటు దిమ్మెలు రెండేసి పేర్చి, పైన కడప బండ పరిచి, దానిమీద 12 అంగుళాల గ్రో బ్యాగు పెడితే మట్టి దాదాపు 28 అంగుళాల ఎత్తుకు వస్తుంది. 18 అంగుళాల కుర్చీలో కూర్చుంటే అది మోచేతి ఎత్తు. ఆకుకూరలు, ముల్లంగి, ఎర్రగడ్డలు ఇక్కడ వేసుకోవాలి. టమోటా, వంగ పెరిగాక కొసలు తల దాటిపోతాయి, వాటికి ఒక్క దిమ్మె చాలు. గోడవారన పెట్టే వరుస వెడల్పు 2 అడుగులు మించితే అవతలి మొక్క అందక నడుము పట్టేస్తుంది. కాకర, బీర పందిరి కనుబొమల ఎత్తులో ఉంటే కోతకు చేతులు భుజం పైకి లేపే పని తక్కువ.

కుర్చీకి చేతులుండాలి, లేచేటప్పుడు ఆనుకోవడానికి. ఎండలో వదిలేసిన ప్లాస్టిక్ స్టూలు ఒక వేసవికే పెళుసెక్కి, కూర్చోగానే పగలొచ్చు. పని కాగానే నీడకు చేర్చండి.

15 అంగుళాల బ్యాగును ఒట్టి ఎర్రమట్టితో నింపితే తడిశాక 50 కిలోలు దాటుతుంది. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్ళలో కలిపి, గుప్పెడు వేపపిండి వేయండి, బరువు బాగా తగ్గుతుంది. ఖాళీ బ్యాగును ముందే దాని చోట నిలబెట్టి, సగం బకెట్టు చొప్పున అక్కడే నింపాలి. నిండిన బ్యాగును జరపబోయి నడుము పట్టించుకునేవాళ్ళే ఎక్కువ. కొబ్బరి పొట్టు పూర్తిగా ఎండనిస్తే మళ్ళీ నీరు పీల్చదు, పోసిందంతా పక్కల నుంచి జారిపోతుంది. బరువైన బ్యాగులు మిద్దె నడిమధ్యలో కాక దూలాలు, గోడల మీదుగా వచ్చేలా పెట్టండి.

పది లీటర్ల బకెట్టంటే పది కిలోలు. మిద్దె ట్యాంకు నుంచి పైపు లాగడమో, డ్రిప్పు వేయడమో మేలు. అదీ కుదరకపోతే రెండు చేతుల్లో మూడేసి లీటర్ల క్యాన్లు పట్టుకోండి, ఒకవైపు ఒరగరు.

మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. ఒక చెయ్యి కమ్మి మీదే ఉండాలి. పనిముట్లు పైనే ఒక డబ్బాలో ఉంచితే మరిచిపోయిన కత్తెర కోసం మళ్ళీ దిగక్కర్లేదు.

వేళ్ళ కీళ్ళు నొప్పిగా ఉంటే తొలిక (కలుపు తీసే చిన్న పనిముట్టు) పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేయండి. సన్నటి పిడిని పట్టుకోవడానికే వేళ్ళు ఎక్కువ బిగించాలి. కనకాంబరాలు, మల్లెమొగ్గలు కోసేటప్పుడు బొటనవేలు అలిసిపోతుంది, చేతులు మార్చుకుంటూ కోయాలి.

మెట్లెక్కే ముందు కుర్చీలో కూర్చుని ఒక్కో కాలూ చాచి, 5 సెకన్లు బిగపట్టి, పదిసార్లు చేయండి. పైన 20 నిమిషాలకోసారి పని మార్చండి: కలుపు, తర్వాత కోత, తర్వాత తీగలు కట్టడం. పని ముగిసిన రెండు గంటలకు నొప్పి ముందుకంటే ఎక్కువగా ఉంటే ఎక్కువ చేశారన్నమాట, మర్నాడు తగ్గించండి. నొప్పి బిళ్ళ వేసుకుని పనికి దిగొద్దు. అది హెచ్చరికను కప్పేస్తుంది, పైగా ఏప్రిల్, మే ఎండల్లో ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ బిళ్ళల్లో చాలావాటితో కిడ్నీలకు చేటు. ఆ నెలల్లో పొద్దున ఏడింటిలోపే పని ముగించాలి. కీలు వాచి వేడిగా ఉన్నా, జ్వరం ఉన్నా, పొద్దున బిగుసుకుపోవడం గంట దాటినా తోట పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన వానలు. మిద్దె మీద పాచి పడుతుంది, నడిచే దారి వరకైనా చీపురుతో రుద్ది కడగండి, అదీ మీరు కాదు, ఇంట్లో కుర్రాళ్ళతో. కుండీల కింది పళ్ళేలలో నీళ్ళు వారానికోసారి తప్పక పారబోయాలి. చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా పెరగడానికి వారం పది రోజులు చాలు. 2005–06లో ఆ జ్వరం రాష్ట్రాన్ని చుట్టేసినప్పుడు, తగ్గాక కూడా నెలల తరబడి కీళ్ళ నొప్పులతో తిప్పలు పడ్డవాళ్ళు ఎందరో.