బార్సిలోనా వెళ్తే ఎషాంప్లాను ఇలా నడవండి

నేను హన్మకొండలో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. మా అమ్మాయి బార్సిలోనాలో చదువుకునేటప్పుడు వెళ్లి ఎషాంప్లా ప్రాంతం అంతా కాలినడకన తిరిగాను. మన వైపు నుంచి అక్కడికి వెళ్లేవాళ్లు ఎవరు అడిగినా ఒకటే చెప్తాను. గౌడీ అనే ఆర్కిటెక్టు కట్టిన ఇళ్లు తప్పకుండా చూడండి, కానీ అవి నిలబడిన లేఅవుట్‌ను ముందు చూడండి.

బయల్దేరే ముందు ఒక కాగితం మీద అడ్డం, నిలువు గీతలు గీసుకోండి. ఒక్కో గడి 113.3 మీటర్ల బ్లాకు, మధ్యలో రోడ్డు సాధారణంగా 20 మీటర్లు. అంటే మూడు బ్లాకులు నడిస్తే 400 మీటర్లు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే ఫోన్ తీయకుండానే దూరం తెలుస్తుంది. ఇప్పుడు ఆ కాగితాన్ని 45 డిగ్రీలు తిప్పండి. ఇల్దెఫోన్స్ సెర్దా అనే ఇంజినీరు గీసిన ప్లాన్ అలాగే ఉంటుంది. రోజులో ఏదో ఒక వేళ ప్రతి గోడకూ ఎండ తగలాలని ఆయన ఆలోచన.

నా దగ్గరకు వచ్చేవాళ్లు మొదట అడిగేది తూర్పు ముఖమేనా అని. ఎషాంప్లాలో రోడ్డు వెంట ఉన్న ఇళ్లేవీ నేరుగా తూర్పు చూడవు. బ్లాకు మూలను కోసిన చోట కట్టినవే తూర్పో, పడమరో, ఉత్తరమో, దక్షిణమో చూస్తాయి. అందుకే ఏదో ఒక చౌరస్తాలో కాసేపు ఆగి, నాలుగు మూలలూ చూడండి. కోత ఒక్కోటి సుమారు 20 మీటర్లు. మన దగ్గర మూల ప్లాటుకు కొంచెం కోత పెట్టమంటేనే ఓనర్‌కు టెన్షన్. సెర్దా మాత్రం బండ్లు తేలిగ్గా మలుపు తిరగాలని, ఎదుటి రోడ్డు కనపడాలని అంత స్థలం వదిలాడు. అదీ మోటారు కార్లు ఇంకా రాని 1859లో!

అంతకు ముందు ఊరంతా కోటగోడల లోపలే ఇరుక్కుని ఉండేది. గోడ బయట కట్టకూడదని సైన్యం ఆంక్ష. లోపల కలరా పదేపదే జనాన్ని చంపింది. 1854లో గోడలు కూల్చడం మొదలుపెట్టాక ఆ ఖాళీ నేల ఊరికి దక్కింది. మన ఓరుగల్లు కోట చుట్టూ తిరిగినవాళ్లకు, ఒక ఊరు తన గోడ దాటి పెరగడమంటే ఎంత పెద్ద విషయమో చెప్పనక్కర్లేదు.

దారి అడిగితే అక్కడివాళ్లు ఉత్తరం, దక్షిణం అనరు. సముద్రం వైపు, కొండ వైపు అంటారు. నేల కాస్త ఎత్తెక్కుతుంటే కొండ వైపు పోతున్నట్టే.

పసేజ్ దె గ్రాసియా మెట్రో స్టేషన్ నుంచి పొద్దున్నే మొదలుపెట్టండి. గౌడీ తీర్చిదిద్దిన ఇల్లు కాసా బాట్లో, దాని పక్కనే కాసా అమట్లేర్ అనే ఇంకో ఇల్లు ఉంటాయి. బయటి నుంచి చూడటానికి టికెట్ అక్కర్లేదు. అక్కడి నుంచి కోన్సెల్ దె సెంట్ వీధిలోకి తిరగండి. 2023లో ఇక్కడ కార్లను బాగా తగ్గించి, చెట్లు, బెంచీలు పెట్టారు.

రెండు బ్లాకులు నడిచాక రోజె దె ల్యూరియా వీధి వస్తుంది. సముద్రం వైపు తిరిగి 56వ నంబరు వెతకండి. చిన్న దారే కాబట్టి చాలామంది దాటిపోతారు. లోపలికి వెళ్తే బ్లాకు నడిబొడ్డున పాత నీళ్ల టవర్, దాని కింద తోట, ఎండాకాలం పిల్లలు ఆడుకునే నీళ్ల మడుగు. సెర్దా మొదటి ప్లాన్‌లో బ్లాకుకు రెండు మూడు వైపులే ఇళ్లు, మధ్యంతా తోట. తర్వాత వచ్చినవాళ్లు నాలుగు వైపులా కట్టి, మధ్యలో కూడా షెడ్లు, గోదాములు నింపేశారు. ఇంటి చుట్టూ సెట్‌బ్యాక్, అంటే కట్టకుండా ఖాళీ, వదలమంటే ముఖం మాడ్చుకునేవాళ్లను రోజూ చూస్తాను కాబట్టి ఆ తోటలో నాకు చాలాసేపు లేవబుద్ధి కాలేదు. గౌడీ ఇంటి టికెట్ మానుకున్నా సరే, ఇది మాత్రం మానుకోవద్దు.

మళ్లీ కోన్సెల్ దె సెంట్ పట్టుకుని జిరోనా వీధి చౌరస్తా దాకా రండి. అక్కడి నుంచి ఆరు బ్లాకులు ముందుకు, మూడు బ్లాకులు కొండ వైపు నడిస్తే సగ్రాదా ఫమీలియా చర్చి. రోడ్డు దాటే గీతలు నేరుగా ఉండవు, ప్రతి మూలనూ చుట్టి వెళ్లాలి. అందుకని అనుకున్న దానికంటే కాస్త ఎక్కువ టైం పెట్టుకోండి. ఈ చర్చికి టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. 1882లో మొదలైంది, గౌడీ మరుసటి ఏడాది పని అందుకుని, 1926లో ట్రామ్ తగిలి చనిపోయేదాకా వదల్లేదు. పొద్దున వెళ్తే నీలం, ఆకుపచ్చ అద్దాల్లోంచి, సాయంత్రం వెళ్తే ఎరుపు, నారింజ అద్దాల్లోంచి వెలుగు వస్తుంది.

మధ్యాహ్నం భోజనం అక్కడ రెండు గంటల ప్రాంతంలో. పనిరోజుల్లో హోటళ్లలో తక్కువ ధరకు పూర్తి భోజనం దొరుకుతుంది. మాంసం తిననివాళ్లు టమాటా రుద్దిన రొట్టె, లేదంటే కాల్చిన వంకాయ, క్యాప్సికంతో చేసే ఎస్కలివాదా అడగండి. మెట్రోలో బ్యాగు ముందుకు వేసుకోండి, జేబుదొంగలు ఎక్కువ.

ఓపిక ఉంటే చర్చి నుంచి ఏటవాలుగా పోయే గౌడీ అవెన్యూ వెంట సాంట్ పావ్ పాత ఆస్పత్రికి నడవండి. దొమెనెక్ ఇ మొంటానేర్ అనే ఆర్కిటెక్టు దీన్ని సెర్దా గీతలకు 45 డిగ్రీలు తిప్పి కట్టాడు, రోగులకు ఎండ, గాలి బాగా అందాలని. వార్డులు విడివిడి భవనాలు, కిందనుంచి సొరంగాలతో కలిపి ఉంటాయి. అంతా చూశాక పక్కనే ఉన్న సాంట్ పావ్ స్టేషన్‌లో 5వ లైన్ మెట్రో ఎక్కితే దియగోనాల్‌లో దిగొచ్చు.