వేలితో నొక్కితేనే పనిచేసిన బోర్డు

నా ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు మీద 48 కాళ్ల చిప్ ఒకటి ఉంది. కాలికీ కాలికీ మధ్య దూరం 0.5 మిల్లీమీటర్లు. వేలితో చిప్‌ని నొక్కితే బోర్డు పనిచేసేది, వదిలేస్తే ఆగిపోయేది. ఏదో ఒక కాలికి సోల్డర్ (కాలిని బోర్డుకి అతికించే, కరిగించి వాడే లోహం) సరిగ్గా అతకలేదని అర్థమైంది. కానీ ఏ కాలికి?

కనెక్షన్ ఉంటే బీప్ కొట్టే మల్టీమీటర్‌ని ఇక్కడ గుడ్డిగా నమ్మకూడదు. ప్రోబ్ మొన కాలిని కిందికి నొక్కుతుంది కాబట్టి, కనెక్షన్ లేనిచోట కూడా బీప్ వినిపిస్తుంది. అందుకే సన్నటి సూదితో ఒక్కో కాలినీ పక్కకి మెల్లగా నెట్టి చూశాను. గ్రౌండ్ కాలు (కరెంటు తిరిగి వెళ్లే కాలు) కదిలింది. పైనుంచి చూస్తే మెరుస్తూ బాగానే ఉంది. భూతద్దంలో ఏటవాలుగా చూస్తే తప్ప సోల్డర్‌కీ ప్యాడ్‌కీ (బోర్డు మీద కాలు అతికే రాగి ముక్కకీ) మధ్య నల్లటి గీత కనబడలేదు. గ్రౌండ్ ప్యాడ్ పెద్ద రాగి పొరకి కలిసి ఉంటుంది కదా, వేడినంతా ఆ పొర లాగేసుకుంటుంది. కాలు వేడెక్కినా ప్యాడ్ వేడెక్కదు.

చిన్న పార్టులకి సోల్డరింగ్ ఐరన్‌కి (సోల్డర్‌ని కరిగించే పరికరానికి) సూది మొన బిట్టే కావాలని చాలామంది అంటారు. నాకైతే దానంత చిరాకు తెప్పించేది ఇంకోటి లేదు, వేడి మొన దాకా రానే రాదు. చదును బిట్ వేసి, ఐరన్‌ని 350 డిగ్రీలకి పెట్టాను. జెల్ ఫ్లక్స్ (సోల్డర్ బాగా పాకేలా చేసే పదార్థం) ధారాళంగా రాసి, కాలూ ప్యాడూ కలిసేచోట బిట్ ఆనించాను. రెండు మూడు సెకన్లలో సోల్డర్ ప్యాడ్ మీదికి పాకింది. పక్క కాలితో చిన్న బ్రిడ్జ్ పడింది, అంటే సోల్డర్ రెండు కాళ్లనీ కలిపేసింది. మళ్లీ కాస్త ఫ్లక్స్ రాసి, రాగి విక్‌తో (సోల్డర్‌ని పీల్చుకునే రాగి తీగల అల్లికతో) పీల్చేస్తే పోయింది. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాను. ఇప్పుడు నొక్కకుండానే బోర్డు ఆన్ అవుతోంది.