కాలనీ గోడ మీద రాత్రి జీవాల బొమ్మలు: మేం వేసిన పద్ధతి

హైదరాబాద్‌లో మా కాలనీ చివర 40 అడుగుల కాంపౌండ్ గోడ ఒకటుంది. పోయిన చలికాలం పిల్లలూ పెద్దలూ కలిసి దాని మీద రాత్రిపూట మన మధ్య తిరిగే జీవాల బొమ్మలు వేశాం. ఎలా చేశారని చాలామంది అడుగుతున్నారు, అందుకే మొత్తం రాస్తున్నా.

అప్పుడే రంగులు కొనకండి. ముందు రాత్రి మెలకువగా ఉండేవాళ్ళతో మాట్లాడండి. వాచ్‌మన్ అన్న, తెల్లారకముందే ఊడ్చడానికొచ్చే అక్కలు, పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి, నైట్ షిఫ్ట్ అయ్యి క్యాబ్ దిగేవాళ్ళు, వీళ్ళు చూసినంత మనమెవరం చూడం. నీళ్ళ పైపు పట్టుకుని మానుపిల్లి (చెట్లెక్కే పునుగుపిల్లి) ఏ టైముకి దిగుతుందో మా వాచ్‌మన్ చెప్పేదాకా మేమంతా అది మామూలు పిల్లే అనుకున్నాం! కాలనీ మ్యాప్ ఒక చార్ట్ మీద గీసి గేటు దగ్గర తగిలించి, పక్కనే బొట్టుబిళ్ళల ప్యాకెట్లు పెట్టండి. ఎర్రవి పైడికంటె అనే చిన్న గుడ్లగూబకి, ఆకుపచ్చవి గబ్బిలానికి, నల్లవి పందికొక్కుకి, ఇలా ఎవరు ఏది ఎక్కడ చూస్తే అక్కడ అంటిస్తారు, రాయడం రాని అవ్వలు కూడా వచ్చి అంటించారు. పది రోజులకల్లా గోడ మీద ఏ బొమ్మ ఎక్కడ రావాలో చార్ట్ చూస్తేనే తెలిసిపోయింది.

కానీ గుడ్లగూబల గూడు ఏ చెట్టు తొర్రలో ఉందో మాత్రం మ్యాప్‌లో పెట్టొద్దు, వాట్సాప్ గ్రూపులో అస్సలు పెట్టొద్దు. దీపావళి ముందు పూజలూ బలులూ అంటూ వాటిని పట్టి అమ్మేవాళ్ళున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, అయినా జరుగుతూనే ఉంది, తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది.

తర్వాత పిల్లల్ని తీసుకుని రాత్రి ఒక రౌండ్ వేయండి. టార్చ్‌కి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టండి, తెల్ల లైట్ కంటే అది వాటిని తక్కువ ఇబ్బంది పెడుతుంది. ఫ్లాష్ వద్దు, ఫోన్‌లో పక్షి కూతలు పెట్టి పిలవడం కూడా వద్దు. ఊరికే నిలబడి వింటే చాలు, కీచురాళ్ళు, కప్పలు, వైరు మీద జంటగా కూర్చుని కిచకిచలాడే పైడికంటెలు, అన్నీ వినిపిస్తాయి.

ఇక బొమ్మలు గీయడం. పిల్లల్ని గుడ్లగూబ గీయమంటే తల మీద రెండు కొమ్ములు పెట్టేస్తారు, పైడికంటెకి కొమ్ముల్లాంటి ఈకలు ఉండవు, గుండ్రటి తల, తెల్ల కనుబొమ్మలు, జానెడు పిట్ట అంతే. పెద్ద గబ్బిలాన్ని సినిమాల్లోలా భయంకరంగా గీయొద్దు, పళ్ళు తినే జీవి అది, మొహం నక్క మొహంలా ముద్దుగా ఉంటుంది. మాకు బాగా కుదిరిన పద్ధతి ఒకటి చెప్తా. గబ్బిలం రెక్క నిజానికి చెయ్యే, పిల్లల అరచేతిని గోడకి ఆనించి చుట్టూ చాక్‌పీస్‌తో గీసి, బొటనవేలు అలాగే పొట్టిగా వదిలేసి మిగతా నాలుగు వేళ్ళని బారెడు పొడుగు సాగదీసి మధ్యలో పొర నింపితే రెక్క వచ్చేస్తుంది. అలా వేసిన రెక్కని ఏ పిల్లాడూ మర్చిపోడు, ఇది నాదీ అని స్కూలుకెళ్తూ రోజూ చెయ్యి పెట్టి చూసుకుంటాడు. పందికొక్కుని కూడా తప్పకుండా వేయండి, ఇంగ్లీషులో దాన్ని బ్యాండికూట్ అంటారే, ఆ మాట మన పందికొక్కు నుంచే వెళ్ళింది.

గోడ ఎవరిదో వాళ్ళ దగ్గర పర్మిషన్ కాగితం మీద తీసుకోండి, నోటిమాట చాలదు. వానలు పోయి గోడ బాగా ఆరాక మొదలుపెట్టండి. నాచు గీకి, కడిగి, ఆరనిచ్చి, ప్రైమర్ ఒక కోటు, తర్వాత బయటి గోడల ఎమల్షన్ రెండు కోట్లు. రెండు కోట్లకీ కలిపి లీటరు సుమారు 50 చదరపు అడుగులకి వస్తుంది, మా గోడ ఎత్తు 6 అడుగులు, కాబట్టి బేస్ రంగే 5 లీటర్లు పట్టింది. బేస్‌కి ఉత్త నలుపు వేయొద్దు, ముదురు నీలంలో కొంచెం నలుపు కలిపితే రాత్రి ఆకాశంలా ఉంటుంది, జీవాలు కూడా విడిగా కనిపిస్తాయి.

కళ్ళకి పెయింట్ వేయకుండా బండ్ల నంబర్ ప్లేట్ల షాపులో దొరికే రేడియం స్టిక్కర్ గుండ్రంగా కత్తిరించి మానుపిల్లికీ పిల్లికీ అంటించండి. చీకట్లో వాటి కళ్ళ మీద లైటు పడితే నిజంగా అలాగే మెరుస్తాయి కదా, కంటి వెనక ఉండే పొర వెలుతుర్ని తిప్పికొడుతుంది. ఇప్పుడు మా మలుపులో బైక్ హెడ్‌లైట్ పడగానే గోడ నిండా కళ్ళు వెలుగుతాయి, బండ్లు కూడా అక్కడ స్లో అవుతున్నాయి.

గోడ కనపడాలని ఫోకస్ లైట్లు పెడదామని ఎవరో ఒకరు అంటారు, మా దగ్గరా అన్నారు, దయచేసి ఒప్పుకోకండి. రాత్రంతా లైటుంటే పురుగులన్నీ అక్కడే తిరిగి తిరిగి చచ్చిపోతాయి, చీకటి కోరుకునే గబ్బిలాలు దారి మార్చుకుంటాయి. ఏటా వానాకాలం అయ్యాక ఊడిన స్టిక్కర్లు మార్చి, మ్యాప్‌లో కొత్త బొట్టుబిళ్ళ పడిన జీవి ఏదైనా ఉంటే దాన్ని గోడ మీదికి ఎక్కించండి. కుడి చివర ఒక 4 అడుగులు మేం ఖాళీగానే ఉంచాం అందుకే.